కదలని కాంటా

"ఇంకోపాలి ఎక్కు" అన్నాడు రాజం, మంచంలోంచే.

సాగర్ కాంటా దిగి మళ్ళీ ఎక్కాడు. వడ్ల బస్తాలు తూచే కాంటా అది. ప్రతి శనివారం పొద్దున హన్మండ్లు సేటు దుకాణం నుంచి తెచ్చి వాకిట్లో వేస్తారు. వసారాలో పడుకున్న రాజంకి అంకెలు కనపడాలి. ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి.

తొంభై రెండు.

"ఎంత?"

రాజం కళ్ళు బాగానే కనిపిస్తాయి. అయినా కొడుకు నోటితో చెప్పించుకోవాలి.

"తొంభై రెండు బాపూ."

"పోయిన శనారం?"

"తొంభై రెండు."

"దానికి ముందటి శనారం?"

సాగర్ మళ్ళీ అంకెల వైపు చూశాడు.

"వడ్ల బస్తానన్న ఎండకు పెడితె తరుగుతది" అన్నాడు రాజం. "నిన్ను ఐదు వారాల సంది ఎండకు ఉరికిపిస్తున్న. తులమన్న తరుగుతలేవు. లోపట ఏం నింపుకున్నవ్ రా? మస్కట్ ఇసుకనా?"

గోడ అవతల నుంచి పోచమ్మ తల పైకి లేచింది. శనివారం పొద్దున ఆమెకు గోడ దగ్గర పని ఉంటుంది.

"ఏందే లింగవ్వా, ఎంతున్నడు నీ కొడుకు?"

"నీకెందుకే, నువ్వు మోస్తవా?" అంది లింగవ్వ.

"నేనేడ మోస్త తల్లీ, తాటిచెట్టే మొయ్యనంటున్నదాయె. దుబాయిల ఒంటెను గిట్ల మింగి అచ్చిండేమో అడుగు."

పోచమ్మ లెక్కలో సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే. సాగర్ పదకొండేళ్ళు మస్కట్‌లో నీళ్ళ ట్యాంకరు తోలాడు. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు నూట ఎనిమిది కిలోలు. అంతకు నాలుగు నెలల ముందే రాజం చెట్టు మీద నుంచి నడుము మీద పడ్డాడు. అప్పటి నుంచి నడుము కింద ఏదీ ఆయన మాట వినదు. నోరు మాత్రం వింటుంది.

సాగర్ దిగి చెప్పులు వేసుకున్నాడు.

"ఎనిమిది దినాలు" అన్నాడు రాజం. "అచ్చే ఐతారం గీత సంఘపోళ్ళు తాటిచెట్ల కాడికి అస్తరు. మూడు చెట్లు ఎక్కి దిగితె మన చెట్లు నీ పేరు మీద రాస్తరు. ఎక్కకుంటె దేవేందరు పేరు మీద రాస్తరు. ఎరుకేనా?"

"ఎరుకే."

"ఎనభై అయిదుకు దిగేదాక మోకు నీ చేతికియ్య. అది గూడ ఎరుకేనా?"

మోకు ఆయన తలకింద ఉంది. చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే తాడు. ముప్పయ్యేళ్ళు ఆయన నడుముకు రాసుకుని నల్లగా, నున్నగా అయింది. ఆయన పడిన రోజు కూడా అది తెగలేదు. చెయ్యి జారింది.

"నేనెన్నడు డెబ్బై దాటలె. ఎనభై అయిదంటే దాని మీద దయతోటి చెప్పిన లెక్క. అంతకు మించితె అది మోకు కాదు, ఉరి."

"తిండన్న పెట్టకుంట మాడ్పుతున్నం గద" అంది లింగవ్వ. "పొద్దెక్కి పదకొండు దాటేదాక మెతుకు ముట్టడు. పొద్దుగూకినంక ముట్టడు. సోమారం, శనారం పూరాగ ఒక్కపొద్దు. ఇంకేం చెయ్యమంటవ్ వాన్ని? కోసి తియ్యమంటవా?"

"కోస్తె తీసేతందుకు వెనకాడేటోన్ని కాదు" అన్నాడు రాజం.

బండి చప్పుడైంది. దేవేందర్ వచ్చాడు. రాజం తమ్ముడి కొడుకు. పెదనాన్న పడినప్పటి నుంచి ఆ చెట్లు అతనే గీస్తున్నాడు. సన్నటి మనిషి. బండికి రెండు వైపులా కల్లు లొట్లు వేలాడుతున్నాయి.

"పెద్దబాపూ, గియ్యాల మంచిగ పారింది" అంటూ ఒక లొట్టి దించాడు. కాంటా వైపు చూశాడు. "అన్నా, ఎంత?"

సాగర్ కాంటాను గోడ వారకు జరిపాడు.

"ఫికర్ చెయ్యకే. నువ్వు ఎక్కకపోతె చెట్లేం ఎక్కడికి పోతయ్? ఇంట్లనే ఉంటయ్ గద" అని నవ్వి బండి తిప్పుకున్నాడు.

లోపలి నుంచి సృజన వచ్చింది. సాగర్ భార్య. కొంగు నడుముకు దోపి ఉంది. వేళ్ళకు బీడీ తంబాకు పొడి అంటి ఉంది. లొట్టి వంచి చెంబు నింపి సాగర్‌కు ఇచ్చింది. అతను నిలబడే తాగాడు. మళ్ళీ నింపింది. అదీ తాగాడు.

"తాగు కొడుకా" అంది లింగవ్వ. "కడుపు మాడద్దు. చెట్టు మీదికెల్లి దిగిన కల్లు మందు."

సాగర్ మూతి తుడుచుకుని కోరుట్ల బస్సుకు నడిచాడు.

*

మొదటి మూడు నెలలు కాంటా అతని మాట విన్నది. నూట ఎనిమిది నూట రెండైంది. నూట రెండు తొంభై ఎనిమిదైంది. ఒక్కో శనివారం రాజం కూడా నోరు మూసుకునేవాడు. ఆయన మెచ్చుకోలు అంతే.

తొంభై రెండు దగ్గర ఆగింది.

ఆగిన మొదటి వారం సాగర్ ఒక కిలోమీటరు ఎక్కువ పరుగెత్తాడు. రెండో వారం రొట్టెల్లో ఒకటి తగ్గించాడు. మూడో వారం గుడ్డు మానేశాడు. నాలుగో వారం కాలువ కట్ట మీద పరుగెత్తుతుంటే కళ్ళు బైర్లు కమ్మి కూర్చుండిపోయాడు. పసుపు కొమ్ములు ఏరడానికి పోతున్న ఆడవాళ్ళు ఆగి చూశారు. ఒకామె, "లేస్తవా అన్నా, జేసీబీని పిలవాల్నా?" అంది. అందరూ నవ్వారు. అతను లేచి మళ్ళీ పరుగెత్తాడు. నవ్వు వెనక నుంచి చాలా దూరం వచ్చింది.

కోరుట్లలో ప్రకాశ్ సార్ డిగ్రీ కాలేజీ మైదానంలో పోలీసు ఉద్యోగాలకు పోయే పిల్లలను పరుగెత్తిస్తాడు. ఒకప్పుడు సాగర్ ఊరి బడిలో ఆటల మాస్టరు. ఇప్పుడు తల తెల్లబడింది. మెడలో ఈల అలాగే ఉంది.

"ఆగిందా?" అన్నాడు, దూరం నుంచే.

"ఆగింది సార్."

"ఐదో వారమా?"

"ఐదో వారం."

"మొకం జూస్తెనే తెలుస్తుంది. ఎవలో సచ్చినట్టు అచ్చినవ్." ఈల ఊది పిల్లలను ఇంకో చుట్టు పంపాడు. "ఇను. ఒళ్ళు గడుసుది. తక్కువ పెడితె తక్కువల బతుకుడు నేర్చుకుంటది. మస్కట్‌ల నువ్వు బతికినట్టు. గప్పుడు కాంటా ఆగుతది. అందరు గాడనే వదిలేస్తరు. నా కాడికి ఇరువై మంది అచ్చిండ్రు బరువు తగ్గుతమని. పదహారు మంది కాంటా ఆగిన వారమే మాయం. ఫోన్ జేస్తె ఎత్తరు."

"నేను పోను సార్."

"ఎందుకు పోవు?"

 సాగర్‌కు చెప్పడం అలవాటు లేదు.

"వీసా అచ్చింది సార్. జగిత్యాల ఏజెంటు రోజు ఫోన్ చేస్తుండు. చెట్లు నా పేరు మీద కాకుంటె ఇగ ఇక్కడ నాకు పనేం లేదు. పోవాల్సిందే. గక్కడ పదకొండేండ్లు బండిల కూసున్న. తినుడు, కూసునుడు, పండుడు. నా తోడబుట్టిన గంగాధరన్న గక్కడనే గట్ల కూసోని కూసోని ఒకనాడు ఇగ లేవలె, సచ్చిపోయిండు. పెట్టెల అచ్చిండు. మా అవ్వ పెట్టె మూత తియ్యనియ్యలె. నాకు ఇగ కూసోబుద్ది అయితలేదు సార్."

ప్రకాశ్ సార్ మైదానం వైపు చూస్తూ విన్నాడు.

"సరే. ఉరుకు. ఎనిమిది చుట్లు."

సాగర్ పరుగెత్తాడు. పందొమ్మిదేళ్ళ పిల్లలు అతన్ని ఒక్కొక్కరే దాటిపోయారు. దాటేటప్పుడు కొందరు "అంకుల్, సైడ్" అన్నారు. ఆరో చుట్టు కాళ్ళు ఈడ్చుకుంటూ ముగించాడు. ఏడో చుట్టు నడిచాడు. ఎనిమిదో చుట్టు మళ్ళీ పరుగెత్తాడు. వచ్చి నేల మీద పడి ఎగపోశాడు. కళ్ళలోకి చెమట దిగి మండింది.

"నోట్లెకు ఏమేం పోతుందో మొత్తం చెప్పు" అన్నాడు సార్, పక్కన గొంతుకూర్చుని.

"లేవంగనే నీళ్ళు. చక్కెర లేని చాయ. పన్నెండింటికి జొన్నరొట్టె, కూర. ఐదింటికి మజ్జిగ. గంతే."

"చిరుతిండి?"

"లేదు సార్. బజ్జీల బండి కాడికెల్లి పోతె ముక్కు మూసుకుంట."

"తాగుడు?"

"బీరు, బ్రాందీ అన్ని బంద్. మస్కట్‌లనే బంద్ చేసిన."

"కల్లు?"

సాగర్ లేచి కూర్చున్నాడు.

"కల్లు తాగుడెట్లయితది సార్? పొద్దుగాల రెండు చెంబులు. చెట్టు మీదికెల్లి దిగిందే. మందు అది. ఒక్కపొద్దు నాడు గూడ మేం కల్లు తాగుతం. అన్నం గాదు గద అది."

ప్రకాశ్ సార్ నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆపేశాడు.

"ఎన్నడు సంది తాగుతున్నవ్?"

"కొత్త కల్లు దిగినప్పటి సంది. ఐదు వారాలయితుండచ్చు."

అన్నాక తనే విన్నాడు ఆ మాట. ఐదు వారాలు. మైదానంలో పిల్లలు పుష్‌అప్స్ లెక్కపెడుతున్నారు. ఇరవై మూడు, ఇరవై నాలుగు.

"పొద్దుగాల దిగింది తియ్యగుంటదా, పులుపుంటదా?"

"తియ్యగుంటది సార్."

"మరి తీపంటే ఏందిరా గౌడ్ సాబ్? రొట్టె తగ్గించి, గుడ్డు మానేసి, చెక్కెర పానకం రెండు చెంబులు తాగుతున్నవ్. ఇట్ల ఏడాది ఉరికినా తొంభై రెండే ఉంటవ్." సార్ లేచాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఆగు. నేను నీ ఇంటామెకు చెప్పిన గద?"

"ఏం చెప్పిండ్రు?"

"నెల దాటింది. ఫోన్ చేసింది. మా అత్త కల్లు పొయ్యుమంటుంది, పొయ్యచ్చా సార్ అని అడిగింది. అస్సలొద్దు, చుక్క గూడ ముట్టద్దు, పోస్తె ఆయన పడే తిప్పలంతా బేకార్ అయితది అని చెప్పిన. రెండుసార్లు చెప్పిన. మంచిది సార్ అని పెట్టేసింది. చెప్పలేదా నీకు?"

సాగర్ చేతికి అంటిన మట్టి దులుపుకున్నాడు. చాలాసేపు దులుపుకున్నాడు.

*

అతను ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. రాజం కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడో లేదో ఆయనకే తెలియాలి. లింగవ్వ కొట్టం దగ్గర బర్రెకు గడ్డి వేస్తోంది. సృజన గడప అవతల చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కత్తిరించిన ఆకు, చిటికెడు తంబాకు, ఒక తిప్పు, దారం ఒక చుట్టు. ఆమె వేళ్ళను చూస్తే వేరే ఎవరివో అనిపిస్తుంది.

సాగర్ ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ప్రకాశ్ సార్‌కు ఫోన్ చేసినవా?"

వేళ్ళు ఆగలేదు.

"చేసిన."

"ఏమన్నడు?"

"కల్లు పొయ్యద్దన్నడు."

"మరి పోసినవ్?"

"పోసిన."

ఆమె ఇంకో ఆకు తీసుకుంది. సాగర్ అబద్ధం చెబుతుందనుకున్నాడు. బస్సులో దారి పొడవునా ఆ అబద్ధానికి జవాబు తయారుచేసుకుంటూ వచ్చాడు. ఇప్పుడు అది నోట్లోనే ఉండిపోయింది.

"ఒక చెంబు పొయ్యుమన్నది మీ అవ్వ" అంది సృజన. "రెండో చెంబు నేను పోసిన."

సాగర్ కాలితో చాటను తన్నాడు. బీడీలు, ఆకు, తంబాకు గడప మీదంతా చెల్లాచెదరయ్యాయి. సృజన ఉలిక్కిపడలేదు. వంగి ఒక్కొక్క బీడీ ఏరి ఊదడం మొదలుపెట్టింది.

"ఐదు వారాలు!" అన్నాడు. "కండ్లు తిరిగి కట్ట మీద వడ్డ. కూలోళ్ళు నవ్విండ్రు. పోరగాండ్లు అంకుల్ అంకుల్ అనుకుంట నన్ను దాటిపోయిండ్రు. నువ్వు పొద్దున్నే చెంబు నింపి నా చేతికిస్తివి. నా మొకం చూసుకుంటనే ఇస్తివి."

"చూసుకుంటనే ఇచ్చిన."

"సిగ్గు లేదా?"

"ఉండె. మీ నాయినను కడుగవట్టినంక పోయింది."

లింగవ్వ గడ్డి మోపు కింద పడేసి వచ్చింది. మొత్తం విన్నదని ఆమె నడకే చెప్పింది.

"ఏం పోసినవే? నా కొడుకుకు ఏం పోసినవ్?"

"నువ్వు పొయ్యుమన్నదే అత్తా."

"నేను మందని పొయ్యుమన్న. నువ్వు విషమని పోసినవ్." లింగవ్వ గొంతు పెరిగింది. "చెట్లు దక్కకుంటె వాడు మల్ల ఇమానమెక్కాలె. అది నీకెరుకే. ఒకన్ని పెట్టెల పంపిండ్రు నాకు. పెట్టె మీద పేరు గూడ సక్కగ రాయలె. ఇంకోన్ని పంపుదమనుకున్నవా?"

"గంగాధర్ బావ పెట్టెల అచ్చిండు. ఒక దినం ఏడ్చినవ్, మూడో దినం పిండం పిట్టకు పెట్టినవ్, అయిపోయింది" అంది సృజన.

లింగవ్వ చెయ్యెత్తింది. కొట్టలేదు. ఆ చెయ్యి గాలిలో ఉండగానే సృజన తల ఎత్తింది.

"కొట్టు. కొట్టినంక నేను అడిగేదానికి చెప్పు. మామ తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు. పెట్టెల రాలె. మంచంలకచ్చిండు. దినాం రెండుపాల్లు పక్కకు ఒత్తిగిలిపియ్యాలె, కడుగాలె, పుండుకు మందు వెయ్యాలె. నీకు నడుము నొప్పి. ఎవలు చేస్తుండ్రు? నేను. మా తల్లిగారింటికి తంగళ్ళపల్లికి పోయి ఎన్ని నెలలైతుంది? పోతె పొద్దుగూకేవరకు తిరిగి రావాలె, ఆయన తడిల ఉంటడని. నా కొడుకు గాదు, నా తండ్రి గాదు. అయినా చేస్తున్న. కాని ఇంకోన్ని ఎత్తే రెక్కలు నాకు లేవు."

"వాడు ఎందుకు పడ్తడే? నోరు మంచిది పెట్టు."

"మామ ఎందుకు పడ్డడు? నోరు చెడ్డది పెట్టుకున్నమనా?"

 బర్రె గడ్డి లాగే చప్పుడు వినిపించింది.

సాగర్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"పోయి సిరిసిల్లల బట్ట నేసే సాంచెలు నడుపుమంటవా?" అన్నాడు, గొంతు తగ్గించి. "మీ తమ్ముడే నెలల పదిహేను దినాలు ఖాళీగ కూసుంటుండు. నువ్వే చెప్పినవ్."

"నేను ఏమంటలేను."

"మస్కట్ పొమ్మంటవా? సక్కగ చెప్పు. పోయి గంగాధరన్న లెక్క కావాల్నా?"

సృజన చాటను ఒడిలోకి లాక్కుంది.

"పో. పోతె ఫోన్‌ల మాట్లాడుతవ్. నిలవడి మాట్లాడుతవ్" అంది. కొంచెం ఆగి, ఎవరికీ చెప్పనట్టు, "ఏదన్న అయినా నేను చూడను గద" అంది.

ఆ మాటకు లింగవ్వ ఎత్తిన చెయ్యి దించేసింది. కోడలి నోట ఇంత మాట వస్తుందని అనుకోలేదు. అంతకన్నా, తను కూడా ఎప్పుడో రాజం విషయంలో అలాగే అనుకున్నట్టు, మొహం పక్కకు తిప్పుకుంది.

"అయిపోయిందా పంచాది?"

రాజం కళ్ళు తెరిచే ఉన్నాడు. ఎప్పటి నుంచి తెరిచాడో తెలియదు.

*

విఠల్ గౌడ్ వచ్చింది అప్పుడే. సంఘం అధ్యక్షుడు. రాజంకి బావ వరస. వాకిట్లోకి వస్తూనే తల తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. అంటే చెడ్డ కబురు.

"రాజం బావా, ఎనిమిది దినాలు లేవు. రేపే."

"ఏంది రేపు?"

"చెట్లు ఎక్కుడు. ఎక్సైజ్ సారు సోమారమే అచ్చి పేర్లు రాస్కపోతడట. గియ్యాల ఫోన్ జేసిండు. ఆలస్యమైతె మల్ల ఏడాదిదాక పేరు మారదు. రేపు పొద్దుగాల ఆరింటికి అందరం చెట్ల కాడ ఉంటం. సాగర్ మూడు చెట్లు ఎక్కితె వాని పేరు. లేదంటె దేవేందర్ పేరు. వాడు ఇప్పుడే ఒప్పుకున్నడు."

"వాడెందుకు ఒప్పుకోడు?" అంది లింగవ్వ.

"ఎనభై అయిదు..." అన్నాడు రాజం.

"నీ ఎనభై అయిదు సంఘానికి లెక్క కాదు బావా. నీ మోకు ఇస్తవా, ఇయ్యవా? ఇయ్యకుంటె వేరేటోల్లది తెచ్చుకుంటడేమో. గని మా ముంగట, నీ కొడుకు వేరేటోని మోకుతోటి నీ చెట్టు ఎక్కుతె..." విఠల్ చివరి మాట మింగేశాడు.

రాజం తలకింద చెయ్యి పెట్టాడు. మోకు తీశాడు. గుండె మీద పెట్టుకున్నాడు. ఇవ్వలేదు.

"కోడలా" అన్నాడు.

సృజన వాకిట్లోకి రాలేదు. గడపలోనే నిలబడింది.

"పండుకున్నననుకున్నరు మీరు. నేను అన్నీ విన్న. చెంబులు పోసింది విన్న, రెక్కలు లేవన్నది విన్న." ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది. "నన్ను ఎత్తేది నువ్వు. వీన్ని గూడ ఎత్తాల్సొస్తె ఎత్తేది నువ్వే. నువ్వు చెప్పు. ఇయ్యాల్నా, వద్దా? నువ్వు ఇయ్యుమన్నంక వాడు పడితె, ఇగ ఎవల్నీ అనరాదు. నువ్వు వద్దన్నంక చెట్లు పోతె, ఊరంతా నిన్నే అంటది. చెప్పు."

విఠల్ నేల చూశాడు. గోడ అవతల పోచమ్మ చేతిలో చీపురు ఊడవడం మానేసింది.

"నన్నడుగకున్రి మామా."

"నిన్నే అడుగుతున్న."

సృజన చేతులు కొంగుకు తుడుచుకుంది. వేళ్ళకంటిన తంబాకు పోలేదు.

"అడిగిండ్రు గాబట్టి చెప్తున్న. ఇయ్యున్రి" అంది.

లింగవ్వ నోరు తెరిచింది.

"ఇయ్యున్రి. నేనడ్డం రాను. కాని ఇప్పుడు మిమ్ముల కడిగే యాళ్ళయింది. గీ పూట నేను కడుగ. ఆయన కడుగుతడు. దసరాకచ్చినోడు, ఒక్కనాడన్న మీ మీది దుప్పటి ఎత్తి చూడలె. మీరు చూడనియ్యలె. గియ్యాల చూడనియ్యున్రి. చూసినంక గూడ ఎక్కుతనంటె ఎక్కనియ్యున్రి."

"వద్దు" అన్నాడు రాజం వెంటనే.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"వాడు నా మీద చెయ్యి ఎయ్యద్దు. లింగవ్వా, నువ్వు కడుగు. నొప్పున్నా సరే, నువ్వే."

లింగవ్వ అరుగు మీద కూర్చుంది. నడుము పట్టుకుంది. కదలలేదు.

సాగర్ లేచాడు. పొయ్యి మీది వేడినీళ్ళు బక్కెట్లో పోశాడు. చల్లనీళ్ళు కలిపి మోచెయ్యి పెట్టి చూశాడు. పాత పంచె ముక్క ఎక్కడుందో తెలియక నాలుగు వైపులా వెతికాడు. సృజన వేలితో కొయ్య చూపించింది. మాట సాయం కూడా చెయ్యలేదు.

"రాకు" అన్నాడు రాజం. "సాగరూ, రాకు. కొడుకా, వద్దురా."

ఐదు నెలల్లో ఆయన కొడుకా అని పిలవడం ఇదే మొదలు.

విఠల్ వాకిలి వైపు మొహం తిప్పుకున్నాడు. సాగర్ ఒక చెయ్యి తండ్రి భుజాల కింద, ఒక చెయ్యి తొడల కింద పెట్టి పక్కకు లేపాడు. గట్టిగా ఊపిరి బిగబట్టి లేపాడు. అంత ఊపిరి అక్కరలేకపోయింది. చేతుల్లో ఏమీ లేనట్టే ఉంది. చెట్టు మీద కోతిలా పాకిన మనిషి కాళ్ళు, బడికి పోయే పిల్ల కాళ్ళంత ఉన్నాయి. దుప్పటి జారిపోయింది.

ముందు వాసన వచ్చింది. తర్వాత కనిపించింది. నడుము కింద, వెన్ను చివర, అరచెయ్యి పట్టేంత పుండు. అంచులు నల్లగా, లోపల తెల్లగా. ఆ తెలుపు ఎముకేనని అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.  అర్థమయ్యాక పళ్ళు కరిచిపట్టాడు.

బట్ట తడిపాడు. పిండాడు. అంచు నుంచి లోపలికి తుడవాలో, లోపల నుంచి అంచుకు తుడవాలో తెలియలేదు.

"లోపటికెల్లి బయటికి" అంది సృజన, గడప దగ్గర నుంచి. "గట్టిగ రుద్దకు."

రాజం మొహం కొడుకు భుజానికి నొక్కి ఉంది. అరవలేదు. ఒక్కసారి మాత్రం పంటితో అతని చొక్కా పట్టుకున్నాడు. వదిలాక, చెవి దగ్గర, ఇంకెవరికీ వినపడకుండా, "గిది చూసి జంకితివా, నువ్వు నాకు పుట్టనట్టే" అన్నాడు.

సాగర్ చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది. తుడిచి, మందు వేసి, పొడి గుడ్డ పరిచి తండ్రిని పడుకోబెట్టాడు. ఎర్రబారిన నీళ్ళు దొడ్లో పారబోసి వచ్చాడు. చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు.

"చీకటైతుంది అల్లుడా" అన్నాడు విఠల్, ఇంకా వాకిలి వైపే చూస్తూ. "దేవేందర్ అక్కడ కూసున్నడు. ఏం చెప్పమంటవ్?"

సాగర్ తండ్రిని చూడలేదు. తల్లిని చూడలేదు. భార్యను చూశాడు. ఆమె మొహంలో ఏదన్నా ఉంటే, కన్నీరో కోపమో, బహుశా వేరే మాట చెప్పేవాడు. ఏమీ లేదు.

"ఆరింటికి అస్తనని చెప్పు మామా" అన్నాడు.

రాజం మోకు అతని వైపు తోశాడు. లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడ్చిందో, ఊపిరి వదిలిందో తెలియలేదు. విఠల్ తువ్వాల తలకు చుట్టుకుని దిగిపోయాడు.

సృజన లోపలికి పోయింది. లోపల ఏదో ఈడ్చిన చప్పుడైంది. వెనక్కి నడుస్తూ, రెండు చేతులా లాక్కుంటూ నులక మంచం బయటికి తెచ్చింది. గడప దగ్గర తట్టుకుంటే ఎత్తి దాటించింది. వసారాలో, రాజం మంచం పక్కన వేసింది.

"ఏం చేస్తున్నవే?" అంది లింగవ్వ. "ఏం చేస్తున్నవే శనిదానా? తియ్యి! తియ్యి దాన్ని!"

సృజన తియ్యలేదు. రెండు మంచాల మధ్య తను నిలబడి కడిగేంత చోటు ఉందో లేదో చూసుకుంది. కొంచెం జరిపింది. తల వైపు తల, కాళ్ళ వైపు కాళ్ళు సరిచేసింది. ఉతికిన దుప్పటి తెచ్చి దాని మీద పరిచి, ముడతలు లేకుండా నాలుగు మూలలా లాగింది.